చేతులు దులుపుకొందుమా, కడుగుకొందుమా?

రోగి ఆసుపత్రికి పోవుట ఎందులకు? రోగము కుదుర్చుకొనుటకు. నగ నట్ర కుదువబెట్టి, అప్పు సప్పు చేసి, పొరుగూరినుండి పడుచు లేచుచు వచ్చి ఆ గుమ్మము తొక్కువాడు, లోపల తనకు రక్షణ కలదని నమ్మి తొక్కుచున్నాడు. ఆ నమ్మకమే ఆసుపత్రికి పునాది. అయితే కాలు విరిగి చేరినవాడు మూత్రకోశమున చీముతోను, గుండెకు శస్త్రచికిత్స చేయించుకొన్నవాడు ఊపిరితిత్తుల వాపుతోను, తొలి కాన్పు బిడ్డ రక్తమున విషముతోను మంచము పట్టుట, అందు కొందరు తిరిగి ఇల్లు చేరకుండుట జరుగుచున్నప్పుడు దాని నేమనవలెను? కంచెయే చేను మేసినదనవలెను. ఈ వారము మేము వ్రాయదలచినది ఆ కంచెను గూర్చియే.

మందులకు లొంగని బాక్టీరియా వలననే 2019వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా. అందు భారతదేశపు వంతు సుమారు 2 లక్షల 97 వేలు. యుద్ధము వచ్చి ఇంతమంది కూలినచో దేశమంతయు అట్టుడికినట్లుడికిపోవును. ఈ మరణములకు బాజా లేదు, బాకా లేదు. మరణపత్రముపై వ్రాయు కారణము వేరొకటి. ఇంటివారు విధి అనుకొందురు, వైద్యులు నిట్టూర్తురు, మంచము కడిగి మరియొకరిని పరుండబెట్టుదురు. ఆ మంచము నిజముగా కడిగిరా అనునదే ప్రశ్న.

ఈ విషయమున మన దేశాభిమానమునకు ఒక పరీక్ష జరిగినది. దానిని జ్ఞప్తికి తెచ్చుట అవసరము. 2008వ సంవత్సరమున స్వీడన్ దేశమున భారతసంతతివాడైన ఒక రోగి మూత్రమునందు క్లెబ్సియెల్లా న్యూమోనియే అను బాక్టీరియా కనబడెను. ఆయన అంతకుముందు క్రొత్తఢిల్లీలో ఆసుపత్రిపాలై యుండెను. ఆ బాక్టీరియాకు, వైద్యులు చిట్టచివరకు దాచుకొను కార్బాపెనెమ్ జాతి మందులను సైతము విరిచివేయు ఒక క్రొత్త ఎంజైము కలదని తేలెను. 2009లో శాస్త్రజ్ఞులు దానికి క్రొత్తఢిల్లీ పేరు పెట్టి ఎన్.డి.ఎం.-1 అని ప్రకటించిరి. 2010 ఆగస్టున వెలువడిన మరియొక పరిశోధనలో చెన్నపట్టణమున 44, హర్యానాలో 26, బ్రిటనులో 37, భారత పాకిస్తానములందలి ఇతర స్థలములలో 73 నమూనాలయందు ఇదియే ఎంజైము గల బాక్టీరియా దొరికినట్లు వ్రాసిరి. చికిత్సకై భారతదేశమునకు పోవు విదేశీయులు జాగ్రత్తపడవలెనను సూచనయు అందు కలదు.

అంతట దేశమున పెద్ద కలకలము పుట్టెను. మన రాజధాని పేరు క్రిమికి పెట్టుటయా! మన ఆసుపత్రులకు వచ్చు విదేశీరోగులను మాన్పించుటకు ఇది కుట్ర కాదా! చట్టసభలోను, పత్రికలలోను కోపము పొంగి పొరలినది. 2011 జనవరిలో లాన్సెట్ పత్రిక సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ ఆ పేరు పెట్టుట పొరపాటని చెప్పి క్షమాపణ కోరెను. మనము గెలిచితిమనుకొంటిమి. పేరు మాత్రము నేటికిని పోలేదు, క్రిమియు పోలేదు.

వకాలతు వృత్తిగా గలవారము గనుక ఉభయపక్షముల వాదమును వినుట మాకు అలవాటు. నగరము పేరు క్రిమికి అంటగట్టుట మర్యాద కాదు. ఈ మాట నిజము. కాని అది మనకొక్కరికే చేసిన అవమానమనుట నిజము కాదు. ఇదే తరగతికి చెందిన మరియొక ఎంజైము ఇటలీలోని వెరోనా నగరము పేర, ఇంకొకటి బ్రెజిలులోని సావో పాలో పేర అంతకుముందే వ్యవహారమునకు వచ్చినవి. కార్బాపెనెములను విరుచు మరియొక ఎంజైము అమెరికాలోని ఉత్తర కెరొలీనాలో మొదట కనబడినది. రోగము ఏ జాతి సొత్తును కాదు. ఇక కుట్ర అను వాదము. 2010లో వచ్చిన ఆ పరిశోధనకు మొదటి రచయిత మదరాసు విశ్వవిద్యాలయమువాడు. అంతకు కొన్ని నెలల ముందే ముంబయి వైద్యులు తమ ఆసుపత్రిలో ఈ ఎంజైము ఉన్నదని మన దేశపు వైద్యపత్రికలోనే ప్రకటించిరి. సాక్షులు మన ఇంటివారే! వారి వాఙ్మూలమును వినక, పేరుపెట్టినవానిపై అభియోగము మోపుట న్యాయమగునా? ముఖమున మసి కనబడినదని అద్దమును పగులగొట్టినట్లయినది.

2011లోనే మరియొక సాక్ష్యము వచ్చెను. ఢిల్లీలో వీధుల మురుగు, నిలువనీరు 171 నమూనాలు తీసి చూడగా 51 యందును, త్రాగునీరు 50 నమూనాలలో రెంటియందును ఆ జన్యువు కనబడెను. ఆసుపత్రి గోడలలోపల పుట్టిన ఆపద వీధికుళాయి వరకు వచ్చెనా, వీధినుండియే ఆసుపత్రికి పోయెనా అనునది పండితులు తర్కించుకొందురుగాక. రెండుచోట్లను ఉన్నదనుటకు సందేహము లేదు.

ఇంతకును ఈ క్రిమి మనుష్యుని ఎట్లు పట్టుకొనుచున్నది? దీనిని చదువరులు తెలిసికొనవలెను; ఏలయన ఉపాయమంతయు అందులోనే ఉన్నది. మందును విరుచు శక్తి క్రిమికి కవచము వంటిది. కాని కవచము మాత్రమున్నచో ఎవడును యుద్ధము గెలువడు. కాలూనుటకు చోటు కావలెను. శరీరమున నిరంతరము ప్రవాహములున్నవి. మూత్రము కడిగివేయును, శ్లేష్మము ఊడ్చివేయును, ప్రేవులలో ఆహారము త్రోసివేయును. వేయి నిలువవరుసగా పేర్చినను ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటని ఈ అల్పజీవి పట్టు లేనిదే క్షణము నిలువజాలదు. అందులకై దాని ఒడలిపై సన్ననిరోమముల వంటి తంతువులు కలవు. మూత్రకోశపు లోపొరయందలి కణములపై మానోజు అను చక్కెర అణువులు అంటియుండును. క్లెబ్సియెల్లాకును, దాని దాయాది యగు ఎషరీషియా కోలైకిని ఒకరకము తంతువుల కొనయందు ఆ చక్కెరను తాళమును చెవి పట్టినట్లు పట్టు పదార్థముండును. ఎషరీషియా కోలై విషయమున కనుగొనిన వింత యేమనగా, ప్రవాహము లాగినకొలది ఆ పట్టు సడలుటకు మారుగా బిగియును. కొట్టుకొనిపోవలసిన వేళనే అది గట్టిగా అంటుకొనును.

క్లెబ్సియెల్లాకు వేరొకరకము తంతువులును కలవు. అవి ఒడలిలోని కొలాజెనును పట్టును. అంతేకాక ఆసుపత్రిలో మనము ఒడలిలోనికి పంపు గొట్టములను పట్టును. మూత్రమునకు వేయు కాథెటర్, నరములోనికి వేయు సన్నగొట్టము, శ్వాసకై గొంతులోనికి దింపు గొట్టము, ఇవి ప్రాణరక్షణకు వేసినవే. కాని లోపలికి పోయిన కొద్దికాలమునకే వానిపై రోగి రక్తమునందలి, మూత్రమునందలి మాంసకృత్తులు పూతవలె అంటుకొనును. ఆ పూతపై క్రిమి కాలూనును, గుంపు కట్టును, తనచుట్టు తానే జిగురు స్రవించి అందులో కోట కట్టుకొనును. దీనికి బయోఫిల్ము అని పేరు. చెరువుగట్టు రాతిపై పాచి పట్టుట చదువరులు చూచినదే, ఇదియు అట్టిదే. ఆ పాచిలోనున్న క్రిమి, ఒంటరిగా తేలియాడు క్రిమికంటె ఎన్నోరెట్లు మందును ఓర్చుకొనును. మూత్రపు గొట్టము వేసియుంచిన ప్రతి దినమును నూటికి 3 మొదలు 7 మంది చొప్పున రోగుల మూత్రమున బాక్టీరియా చేరునని వైద్యుల లెక్క. అనగా అవసరము తీరినను మరచి ఉంచిన గొట్టము దినదినమును శత్రువుకు వేసిన నిచ్చెన.

ఇంతటితో తీరలేదు. ఈ క్రిములు కవచమును ఒకదానికొకటి దానము చేసికొనును. మందును ఎదుర్చు విద్య ప్లాస్మిడ్ అను చిన్న జన్యువలయమున వ్రాయబడియుండును. ఒక బాక్టీరియా మరియొకదానిని తాకి ఆ వ్రాతప్రతిని దానికందించును, స్వజాతియే కానక్కరలేదు. 1959లో జపాను శాస్త్రజ్ఞులు, రక్తగ్రహణి కలిగించు షిగెల్లాకును, సామాన్యముగా ప్రేవులలోనుండు ఎషరీషియా కోలైకిని నడుమ ఒక్కమారే పలుమందులను ఎదుర్చు శక్తి చేతులు మారుచున్నట్లు కనుగొనిరి. ఆ మందులలో టెట్రాసైక్లిను ఒకటి. ఆ జాతికి ఆదియగు ఆరియోమైసిను 1948లో వెలువడినది; బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొనిన అమెరికా దేశపు ప్రయోగశాలకు పరిశోధనాధ్యక్షుడు భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మహనీయుడు అదే సంవత్సరమున కీర్తిశేషుడయ్యెను. ఆయన తరమువారు లోకమునకిచ్చిన నిధిని పదునొకండేండ్లలోపలనే క్రిములు కొల్లగొట్టు దారి కనిపెట్టినట్లు తేలినది. స్వీడను రోగి కథయందును ఇదియే జరిగెను. ఆయన మూత్రములోని క్లెబ్సియెల్లాలోనే కాక మలములోని ఎషరీషియా కోలైలోను అదే జన్యువు కనబడెను.

ఇట్టిది జరుగునని ముందే హెచ్చరించినవారు లేకపోలేదు. పెనిసిలినును విరుచు ఎంజైమును అబ్రహాము, చెయిను అను శాస్త్రజ్ఞులు 1940లోనే, అనగా ఆ మందు లోకమునకు అందకముందే, వర్ణించిరి. పెనిసిలినును కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమానము అందుకొనిన సందర్భమున, చాలని మోతాదు వాడినచో క్రిములు మందునకు అలవాటుపడునని హెచ్చరించెను. లండనులోని ఒక ఆసుపత్రిలో మేరీ బార్బర్ అను వైద్యురాలు, చీము పుట్టించు స్టెఫైలోకోకస్ క్రిములను పరీక్షించి లెక్కకట్టగా, పెనిసిలినుకు లొంగనివి 1946లో నూటికి 14, మరుసటి యేడు 38, 1948లో 59 అయ్యెను. మూడేండ్లలో నాలుగురెట్లు! ఎక్కడ మందు ఎక్కువగా వాడుదురో, ఎక్కడ బలహీనులు ప్రక్కప్రక్కన పరుండుదురో, ఎక్కడ ఒకే చేయి పదిమందిని తాకునో, అక్కడ మందునకు లొంగనిదే బ్రదికి వంశము పెంచుకొనును. ఆ స్థలమునకే మనము ఆసుపత్రి అని పేరుపెట్టుకొన్నాము.

దారి యేది? గాలియని కొందరందురు, విధియని కొందరందురు. ముఖ్యమైన దారి చేయి. ఈ క్రిములలో పెక్కు రోగి ప్రేవులలో ఏ బాధయు కలిగింపక మౌనముగా కాపురముండును. ఆ రోగిని పొరలించిన చేయి, ఆ మంచపుకమ్మిని పట్టిన చేయి, ప్రక్కరోగి గొట్టమును సవరించును. అసినెటోబాక్టర్ అను మరియొకటి పొడిగానున్న బల్లపైనను, కమ్మిపైనను వారములకొలది బ్రదికియుండగలదు. అగ్రరాజ్యమున జరిగిన కథ వినుడు. 2011లో అమెరికా ప్రభుత్వపు జాతీయ ఆరోగ్యసంస్థకు చెందిన ఆసుపత్రిలో కార్బాపెనెముకు లొంగని క్లెబ్సియెల్లా గల రోగి ఒకరు చేరిరి. జాగ్రత్తలు తీసికొనిరి, ఆ రోగి జులైలో ఇల్లు చేరెను. మూడు వారముల తరువాత మరియొకరియందు అదే క్రిమి కనబడెను; క్రమముగా 18 మందికి ప్రాకెను. వారిలో 11 మంది మరణించిరి. అందు ఆరు మరణములకు ఆ క్రిమియే కారణమని తేల్చిరి. జన్యులిపిని అక్షరాక్షరము చదివి వంశవృక్షము గీయగా అన్నియు ఆ మొదటి రోగినుండి వచ్చినవేనని రుజువైనది. వెతుకగా సింకు తూములలోను, శుభ్రము చేసితిమనుకొన్న వెంటిలేటరుపైనను ఆ క్రిమి కనబడెను. ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము మిగుల్చరాదని మన పెద్దలు చెప్పిన మాట ఆ సింకు తూమునకును వర్తించును. చివరకు గోడ కట్టి రోగులను వేరుచేసి, తూములు ఊడబెరికి, ప్రతిరోగిని పరీక్షించి దానిని అణచిరి. ధనమునకు కొదవలేనిచోటనే ఇట్లయినచో మన సంగతి ఏమి?

మన సంగతి మేము కన్నులార చూచితిమి. గడచిన మాసమున ఒక జిల్లాకేంద్రపు ఆసుపత్రిలో బంధువొకరికి తోడుగా మూడు రాత్రులు గడపవలసివచ్చెను. ఆ వార్డులో 40 మంచములు. రాత్రివేళ ఒక్క నర్సు. కుళాయి వార్డు చివర కలదు. దానిప్రక్క సబ్బుపెట్టె ఎండియున్నది. దానిపైన గోడకు చేతులు కడుగుకొను విధానమును ఆరు బొమ్మలలో చూపు రంగుల పటము తగిలించియున్నది! ఆమె ఒకరి గాయమునకు కట్టు మార్చి, ప్రక్కవాని మూత్రపు సంచి ఖాళీచేసి, అటుపైవానికి సూది వేసెను. రోగుల బంధువులు మంచములపై కూర్చుండి అన్నము తినుచుండిరి. మా ప్రక్కమంచము వృద్ధునికి కాథెటర్ ఎప్పుడు వేసిరో, ఎందుకు తీయలేదో చెప్పగలవారు లేరు. మూడవనాడు ఆయనకు చలిజ్వరము వచ్చెను. ఆయన ఏమయ్యెనో మాకు తెలియదు.

ఆ నర్సును నిందింతుమా? లెక్క వేసి చూతము. 40 మంది రోగులు. ఒక్కొక్కరిని ఆరుమారులు తాకినచో 240 మారులు. ప్రతిమారును కుళాయివరకు పోయి కడుగుకొని వచ్చుటకు రెండేసి నిమిషములు పట్టినచో 480 నిమిషములు, అనగా ఎనిమిది గంటలు. ఆమె పనివేళ యంతయు కుళాయికి పోయివచ్చుటకే చాలును. రోగిని తాకుటకు ఒక్క నిమిషమైనను మిగులదు. అట్టి నియమమును పటము కట్టి గోడకు తగిలించి, పాటింపలేదని ఆమెను దండించుట చేతులు దులుపుకొనుట. అదే ప్రతి మంచము పాదముకడ చేతికి రాచుకొను సారాయిద్రవపు సీసా ఒకటి ఉంచినచో, మారునకు 20 సెకండ్లు చొప్పున 80 నిమిషములలో ఆ పని తీరును. మరియొక నర్సును నియమించినచో అందు సగము. ఇది చేతులు కడుగుకొనుట. ఈ రెంటికిని గల భేదమే మేము పాఠకులకు మనవి చేయుచున్నది.

పేదదేశమున ఇది సాధ్యమా అందురు. స్విట్జర్లాండులోని జెనీవా ఆసుపత్రులలో ఈ సీసాలే ముఖ్యసాధనముగా 1994 మొదలు 1997 వరకు డిడియే పిటే అను వైద్యుడు పనిచేసెను. చేతుల శుభ్రత నూటికి 48 నుండి 66కు పెరిగెను. ఆసుపత్రిలో అంటిన రోగములతో నున్నవారు నూటికి 16.9 నుండి 9.9కి తగ్గిరి. ఆ ద్రవమున ముఖ్యమైనది సారాయియే. చెరకు పండించు దేశమునకు సారాయి కొదవయా? ఇంతకు నూటయేబదియేండ్లకు పూర్వమే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ఈ సత్యమును కనుగొనెను. 1847 ఏప్రిలులో ఆయన వార్డున బాలింతలు నూటికి 18 మంది మరణించుచుండగా, క్లోరిను కలిపిన సున్నపునీట వైద్యులచేత చేతులు కడిగించిన పిమ్మట జూనులో ఆ సంఖ్య రెండుకు దిగెను. అయినను పెక్కుమంది పెద్దవైద్యులు ఆయనను మెచ్చలేదు. తమ చేతులే మృత్యువును మోయుచున్నవనుట వారికి అవమానముగా తోచెను. వారి అభిమానమునకు మూల్యము చెల్లించినవారు బాలింతలు. 2010లో పేరుకై ఆగ్రహించిన మన అభిమానమునకు మూల్యము ఎవరు చెల్లించుచున్నారు?

పసికందులు చెల్లించుచున్నారు. 2011 మొదలు 2014 వరకు ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో ప్రత్యేకచికిత్సకై చేర్చిన 13,530 మంది నవజాతశిశువులను పరిశీలింపగా, నూటికి 14 మందికి రక్తము విషమెక్కు వ్యాధి కలిగినది. మూడింట రెండువంతులు పుట్టిన మూడుదినములలోపలనే! అందు మొదటిస్థానము అసినెటోబాక్టరుది. ఆ అసినెటోబాక్టరులో నూటికి 82 పలుమందులకు లొంగనివి. లోకమున కన్ను తెరచి మూడుదినములు కాని శిశువు ఏ మందును దుర్వినియోగము చేసెను? వాని పాపమేమి?

చేతితోపాటు మందును గూర్చియు చెప్పవలెను. జలుబునకు, వైరసు జ్వరమునకు యాంటీబయాటిక్కులు పనిచేయవు. అయినను దుకాణమున అడిగినవారికి అడిగినట్లు అమ్ముట మనమెరుగనిది కాదు. 2014 మార్చి 1 నుండి హెచ్-1 అను పట్టిక అమలులోనికి వచ్చెను. అందలి మందులు అమ్మినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, మోతాదు వేరు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెనని శాసనము. ఆ పుస్తకమును తెరచి చూచిన అధికారిని మీరెందరు చూచితిరి? కోళ్లకు, పశువులకు కోలిస్టిను పెట్టరాదని 2019లో నిషేధించిరి, అది మంచిపని. మన తెలంగాణములోని పటాన్‌చెరువున, సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిను ఉన్నట్లు 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది మందు మింగిన రోగి రక్తమునందుండు దానిని మించిన మోతాదు! అట్టి నీరు వాగులలో పారినచో అది క్రిములకు కుస్తీ నేర్పు తాలింఖానా కాదా? 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము కర్మాగారపు మురుగులో యాంటీబయాటిక్కులకు హద్దులు విధించు ముసాయిదా ప్రకటించెను. 2021లో వచ్చిన తుదినిబంధనలలో ఆ హద్దులు కానరావు. ముసాయిదాకును శాసనమునకును నడుమ ఆ అంకెలు ఎక్కడ జారిపోయెనో దేశమునకు చెప్పవలసినవారు చెప్పవలెను.

ఒక మాట మాత్రము మరువరాదు. మందు దొరకక చచ్చువారు కూడ మన పల్లెలలో కలరు. కావున మందును అందరికిని మూసివేయుట మా అభిమతము కాదు. అవసరమైనవానికి వెంటనే, వైద్యుడు చెప్పినంత. అక్కరలేనివానికి ఒక్క మాత్రయు వలదు. ఇదియే న్యాయము.

అయితే చేయవలసినదేమి? మొదటిది, లెక్క. ఇంగ్లండున మెథిసిలినుకు లొంగని స్టెఫైలోకోకస్ రక్తమున చేరిన ప్రతి రోగిని ఆసుపత్రులు లెక్కించి తెలుపవలెనని 2001లో నిర్బంధించిరి. ఆ లెక్కలు ఆసుపత్రుల వారీగా బహిరంగమయ్యెను. 2004లో ఆ సంఖ్యను సగము చేయుటకు గడువు పెట్టిరి. 2003-04లో సుమారు 7,700గా నున్నది 2008-09లో 2,935కు దిగెను. పట్టుదలతో లెక్కించినచో తగ్గును. లెక్కింపనిది ఎన్నడును తగ్గదు. మన దేశమున భారత వైద్యపరిశోధనామండలి పెద్ద ఆసుపత్రుల నమూనాలు కూర్చి నివేదికలు వెలువరించుచున్నది. 2021 నాటి నివేదికయందు క్లెబ్సియెల్లాలో సగముకంటె తక్కువ మాత్రమే ఇమిపెనెమునకు లొంగినట్లు కనబడుచున్నది. ఇది దేశపు లెక్క. నా తల్లిని చేర్చబోవు ఆసుపత్రి లెక్క నాకు కావలెను. పడకలు గల ప్రతి ఆసుపత్రియు, ప్రభుత్వపుదైనను ప్రైవేటుదైనను, నెలకెన్ని గొట్టములు వేసినది, అందెన్నిటికి రోగమంటినది గుమ్మముకడ బల్లపై వ్రాసిపెట్టవలెనని శాసనము రావలెను.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. లెక్క బయటపెట్టుమన్నచో దాచుదురని. ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. కావున ఎన్ని పరీక్షలు చేసిరో అదియు వ్రాయవలెను. పరీక్షలే చేయనివాడు సున్న చూపినచో ఆ సున్న విలువ జనులు గ్రహింతురు. సత్యము చెప్పినవానిని దండింపరాదు, దాచినవానిని విడువరాదు. ఇది లేనిదే ఏ విచారణయు సాగదని మా వృత్తి మాకు నేర్పినది.

రెండవది, ప్రతి మంచము కడ సీసా, వార్డునకు చాలినంత నర్సులు, తెగని నీటిధార. గోడపై పటము వీని తరువాత. మూడవది, వేరొక ఆసుపత్రినుండి వచ్చిన రోగిని చేర్చుకొనుటకుముందు పరీక్షించి, క్రిమి కలదని తేలినచో గౌరవముతో వేరుగా ఉంచి చికిత్స చేయుట. నాలుగవది, కర్మాగారపు మురుగుకు జారిపోయిన ఆ అంకెలను శాసనమున తిరిగి చేర్చుట.

ప్రభుత్వము చేయవలసినది ఇది. మన పనియు కొంత కలదు. పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు సోదరసోదరీమణులారా! రోగిని చూడబోయినప్పుడు మంచముపై కూర్చుండకుడు. తాకుటకుముందును, తాకిన తరువాతను చేతులు శుభ్రపరచుకొనుడు. “అయ్యా, ఈ గొట్టము నేడును అవసరమా?” అని దినమునకొకమారు వినయముతో అడుగుడు. “అమ్మా, మీరు చేతులు శుభ్రము చేసికొంటిరా?” అని అడుగుటకు సంకోచింపకుడు, అడిగినవానిపై కోపింపని వైద్యుడే పెద్దవైద్యుడు. ఊరిలోని యువకసంఘములు కలరాదినములలో బావులలో సున్నము వేసినట్లే, నేడు వార్డులకు సీసాలు పంచవచ్చును, బంధువులకు బోధింపవచ్చును. 2012లో చెన్నపట్టణమున మన వైద్యసంఘములే కూడి ఈ ఆపదపై దేశమునకొక ప్రకటన చేసినవి. వారికి వెనుకబలము జనులే.

క్రిమికి ఢిల్లీ పేరుండుట మనకు కష్టముగానే ఉన్నది. కాని ఆ పేరు క్షమాపణపత్రములతో చెరగలేదు, చెరగదు. క్రిమి పట్టు చేతిలో ఉన్నది, గొట్టములో ఉన్నది, తూములో ఉన్నది. ఆ పట్టు తప్పించుట మన చేతిలో ఉన్నది. ఆసుపత్రి గుమ్మము తొక్కిన తల్లి తన బిడ్డతో ఇల్లు చేరునా అను ప్రశ్నకు మన వార్డులు సమాధానము చెప్పిననాడు, పేరును గూర్చి మనము ఎవరితోను వాదులాడవలసిన పని యుండదు.